ఐ.ఓ.క్యూ.ఎమ్. అయింది, ఆర్.ఎమ్.ఓ.కి ఏడెనిమిది వారాలుంది: ఇప్పుడేం చెయ్యాలి?

మీరు అడిగింది ఇదీ: పాప పదో తరగతి. సెప్టెంబరు మొదట్లో ఐ.ఓ.క్యూ.ఎమ్. (లెక్కల ఒలింపియాడ్‌కి మొదటి వడపోత పరీక్ష) రాసింది. కీ చూసి లెక్కేసుకుంటే ఆర్.ఎమ్.ఓ.కి (దాని తర్వాతి మెట్టు, ప్రాంతీయ ఒలింపియాడ్) వచ్చేలాగే ఉంది. కోచింగ్ వాళ్లు ఇంకో సెట్టు మెటీరియల్ కొనమంటున్నారు. ఇంట్లో ఈ స్థాయి లెక్కలు తెలిసినవాళ్లు లేరు. నవంబరు మొదటి వారం దాకా ఉన్న టైమ్‌ని ఎలా వాడుకోవాలి? దీనివల్ల పదో తరగతి పబ్లిక్ దెబ్బతినదు కదా?

మెటీరియల్ కొనకండి. ఐ.ఓ.క్యూ.ఎమ్. గట్టెక్కే పిల్లలకి ఆర్.ఎమ్.ఓ.కి కావాల్సిన సిద్ధాంతాల్లో చాలా భాగం తెలిసే ఉంటాయి. తెలియనిది రాయడం. వచ్చిన లెక్కని, దిద్దేవాడికి వేలు పెట్టే సందు లేకుండా కాగితం మీద పెట్టడం విడిగా సాధన చేస్తేనే వస్తుంది. ఫలితాలు వచ్చాక మొదలెడదామని కూడా ఆగొద్దు. అవి వచ్చేసరికి మీ చేతిలో ఉన్న టైమ్‌లో పెద్ద ముక్కే పోతుంది.

రెండు పరీక్షలకీ తేడా ఎంతుందో చూడండి. ఐ.ఓ.క్యూ.ఎమ్.లో మూడు గంటలకి 30 ప్రశ్నలు: పది రెండు మార్కులవి, పది మూడు మార్కులవి, పది ఐదు మార్కులవి, మొత్తం 100. జవాబు 00 నుంచి 99 లోపు ఒక సంఖ్య, ఓ.ఎమ్.ఆర్. షీటు మీద దిద్దడమే. నెగెటివ్ మార్కుల్లేవు. నాలుగు చిన్న ఉదాహరణలు వేసి చూసి, వరస పట్టేసి 36 అని దిద్దినా ఐదు మార్కులు ఐదే. ఆర్.ఎమ్.ఓ.లో అవే మూడు గంటలకి ఆరే ప్రశ్నలు, అన్నిటికీ సమాన మార్కులు, ప్రతిదానికీ పూర్తి నిరూపణ రాయాలి. అక్కడ 36 అని ఊరికే రాస్తే దాదాపు ఏమీ రాదు.

ఒక అసలు ప్రశ్న తీసుకుని చూపిస్తాను. ఈ భాగం పాపనే చదవమనండి. 2023 ఆర్.ఎమ్.ఓ. మొదటి ప్రశ్న ఇది: ఎ, బి, సి, డి ధన పూర్ణసంఖ్యలు, ఎ² + బి² + సి² = డి². ఇలాంటి ప్రతి నాలుగు సంఖ్యల లబ్ధాన్నీ నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య ఎమ్ ఎంత?

ఐ.ఓ.క్యూ.ఎమ్. అలవాటుతో చేస్తే రెండు నిమిషాల పని. 1, 2, 2, 3 సరిపోతాయి, లబ్ధం 12. 2, 3, 6, 7 సరిపోతాయి, లబ్ధం 252. రెండింటి గ.సా.భా. 12. జవాబు 12. జవాబు కరెక్టే, కానీ దీనివల్ల తేలింది ఎమ్ 12కి మించదని మాత్రమే. మూడో ఉదాహరణలో లబ్ధం 12 గుణిజం కాకుండా పోదని ఎవరు చెప్పారు?

ఫెయిర్‌గా ఇలా ఉండాలి:

"1² + 2² + 2² = 3². ఇక్కడ లబ్ధం 12 కాబట్టి ఎమ్ 12ని భాగించాలి. అంటే ఎమ్ 12కి మించదు. ఇక ప్రతి లబ్ధమూ 12 గుణిజమేనని చూపిస్తాం.

3 గుణిజం కాని సంఖ్య వర్గాన్ని 3తో భాగిస్తే శేషం 1. నాలుగింటిలో ఏదీ 3 గుణిజం కాదనుకుందాం. అప్పుడు ఎడమవైపు శేషం 1 + 1 + 1, అంటే 0. కుడివైపు శేషం 1. ఇది అసాధ్యం. కాబట్టి లబ్ధం 3 గుణిజం.

సరిసంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0, బేసిసంఖ్య వర్గాన్ని భాగిస్తే 1. ఎ, బి, సిలలో మూడూ బేసివైతే ఎడమవైపు శేషం 3, సరిగ్గా రెండు బేసివైతే 2. డి²కి ఈ శేషాలు రావు. కాబట్టి ఎ, బి, సిలలో బేసిది ఒకటికి మించదు. కనీసం రెండు సరిసంఖ్యలు ఉన్నాయి, కాబట్టి లబ్ధం 4 గుణిజం.

3, 4 పరస్పర ప్రధానాలు. కాబట్టి లబ్ధం 12 గుణిజం. ఎమ్ = 12."

అంతే. అర పేజీ కూడా లేదు. ఇందులో పిల్లలు జారిపడే చోట్లు మూడు. మొదటిది పైన చెప్పిందే, ఉదాహరణలతో సరిపెట్టడం. రెండోది దీనికి తిరగేసినది: 12 ఎప్పుడూ భాగిస్తుందని చక్కగా నిరూపించి, 1, 2, 2, 3 అన్న ఉదాహరణ రాయకపోవడం. అది లేకపోతే 24 కూడా ఎప్పుడూ భాగిస్తుందేమో అన్న అనుమానం తీరదు. మూడోది కంటికి ఆనదు: "నాలుగూ బేసివి కాలేవు, కాబట్టి ఒకటి సరిసంఖ్య, కాబట్టి 4 భాగిస్తుంది" అని రాసేస్తారు. ఒక సరిసంఖ్య ఉంటే లబ్ధం 2 గుణిజం అవుతుంది, 4 కానక్కర్లేదు. రెండు సరిసంఖ్యలున్నాయని విడిగా చూపాలి. తనే రాసి, అప్పుడే చదువుకున్న పిల్లకి ఈ గెంతు కనబడదు, ఎందుకంటే జవాబు 12 అని ముందే తెలుసు.

"అతి పెద్ద", "అతి చిన్న", "గరిష్ఠంగా ఎన్ని" అని అడిగిన ప్రతి ప్రశ్నకీ ఇలా రెండు కాళ్లుంటాయి. 1 నుంచి 100 దాకా ఉన్న సంఖ్యల్లో ఏదీ ఇంకోదాన్ని భాగించకుండా గరిష్ఠంగా ఎన్ని ఎంచుకోవచ్చు? 51 నుంచి 100 దాకా తీసుకుంటే 50 వస్తాయి, ఇది ఒక కాలు. 51 సంఖ్యలు ఎంచుకుంటే ఎందుకు కుదరదో చెప్పడం రెండోది: ప్రతి సంఖ్యనీ ఒక బేసిసంఖ్య, ఒక 2 ఘాతం లబ్ధంగా రాయండి. 100 లోపు బేసిసంఖ్యలు 50 మాత్రమే, కాబట్టి 51లో రెండింటికి ఒకే బేసి భాగం వస్తుంది, చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. రెండు కాళ్లూ కాగితం మీద ఉండాలి. రఫ్‌లో ఉంటే లెక్కలోకి రాదు.

ఇక రోజువారీ పని. రోజుకి పది లెక్కలు పెట్టుకోవద్దు, రెండు చాలు. స్కూలు రోజుల్లో ఒకటైనా పర్లేదు. లెక్కకి ముప్పావు గంట, సాయం లేకుండా. ఆ ముప్పావు గంటలో చూసినవన్నీ, చిన్న కేసులు, ఫెయిలైన ప్రయత్నాలు కూడా, కొట్టెయ్యకుండా రఫ్ నోట్‌బుక్‌లో ఉంచాలి. రాకపోతే సొల్యూషన్‌లో మొదటి ఒకటి రెండు వాక్యాలే చూసి, మూసేసి, ఇంకో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. అప్పటికీ రాకపోతే పూర్తిగా చదివి, పుస్తకం మూసి, సొంత మాటల్లో రాయాలి. చూసి అర్థమైందనుకున్న సొల్యూషన్ రాయబోతే మధ్యలో ఆగిపోవడం చాలా మామూలు. ఆ ఆగిపోయిన చోటే నేర్చుకోవాల్సింది ఉంటుంది.

లెక్క వచ్చాక పని సగమే అయినట్టు. కొత్త పేజీలో, ప్రశ్న నంబరు వేసి, పరీక్షలో రాసినట్టే ఫెయిర్ రాయాలి. మర్నాడు మళ్లీ చదవాలి, అదే రోజు కాదు. అదే రోజు చదివితే మనసులో ఉన్నది కనబడుతుంది కానీ కాగితం మీద ఉన్నది కనబడదు.

ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్లు లేరన్నారు కదా, ఈ పనిలో మీరే సాయం చెయ్యొచ్చు. ఫెయిర్ కాపీ తీసుకుని నాలుగు విషయాలు చూడండి. వాడిన ప్రతి అక్షరం ఏమిటో ముందే చెప్పిందా, లేక హఠాత్తుగా కె అని ఒకటి ఊడిపడిందా? "క్లియర్‌గా", "ఈజీగా చూడొచ్చు", "అలాగే" అన్న మాటలు ఎక్కడున్నాయి? వాటి కింద ఎర్ర గీత గీసి, ఎందుకో నోటితో చెప్పమనండి. తడబడితే అక్కడ కన్నం ఉన్నట్టే. "రెండు కేసులు" అని మొదలెట్టి రెండూ పూర్తి చేసిందా? చివరి వాక్యం, ప్రశ్నలో అడిగినదాన్నే చెప్తోందా? వీటికి మీకు నంబర్ థియరీ (పూర్ణసంఖ్యల ధర్మాల లెక్కలు) రానక్కర్లేదు.

లెక్కలు ఎక్కడివి అంటే పాత ఆర్.ఎమ్.ఓ. పేపర్లే. ముంబైలోని హోమీ భాభా సెంటర్ వాళ్ల ఒలింపియాడ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చాలా సంవత్సరాలకి సొల్యూషన్లూ ఉన్నాయి. 2015 లాంటి సంవత్సరాల్లో ప్రాంతానికో పేపరు చొప్పున ఇచ్చారు కాబట్టి ఆ ఒక్క ఏడాదివే బోలెడు లెక్కలు. కోవిడ్ మూలంగా 2020, 2021లలో ఆర్.ఎమ్.ఓ. జరగలేదు, ఆ పేపర్ల కోసం వెతకొద్దు. 2022 నుంచి వచ్చిన పేపర్లని ఇప్పుడు ముట్టుకోనివ్వకండి, మాక్ టెస్టులకి దాచండి. పైన చేసిన లెక్క ఎలాగూ చూసేసింది, అది పోతే పోయింది.

జామెట్రీని అన్నిటికన్నా ముందు పెట్టమంటాను. ఆరింటిలో రెండు దానివే ఉండడం మామూలు, పదో తరగతి పిల్లకి ఈ వ్యవధిలో నమ్మకంగా పెరిగేదీ అదే. కావాల్సినవి కొన్నే: చక్రీయ చతుర్భుజాలు, సరూప త్రిభుజాలు, స్పర్శరేఖకీ జ్యాకీ మధ్య కోణం, బిందువు పవర్, సెవా, మెనెలాస్, లంబకేంద్రం, అంతరవృత్త కేంద్రం చుట్టూ ఉండే మామూలు ఫలితాలు. బొమ్మ పెద్దదిగా, కనీసం అర పేజీ ఉండాలి. త్రిభుజం సమద్విబాహువులా కనబడకూడదు. 6, 8, 9 సెంటీమీటర్ల భుజాలతో గీస్తే కోణాలు సుమారు 41, 61, 79 డిగ్రీలు వస్తాయి. అల్పకోణ త్రిభుజమే, కానీ దేనికదే వేరుగా కనబడుతుంది. స్కేలు, కంపాస్ హాల్లోకి తీసుకెళ్లనిస్తారు, కోణమానిని, కాలిక్యులేటర్ కుదరవు. అందుకని ఇంట్లోనూ కోణమానిని లేకుండానే గీయించండి.

జామెట్రీలో మార్కులు పోయేది బొమ్మని నమ్మడం వల్ల. ఎబిసి త్రిభుజానికి హెచ్ లంబకేంద్రం అనుకోండి. బి, సి రెండూ అల్పకోణాలైతే కోణం బిహెచ్‌సి = 180° − ఎ. బి అధికకోణమైతే హెచ్ త్రిభుజం బయటికి పోతుంది, అదే కోణం ఎకి సమానమవుతుంది. ప్రశ్నలో "అల్పకోణ త్రిభుజం" అని ఇస్తే బాధ లేదు. ఇవ్వకపోతే రెండో బొమ్మ కూడా గీసి, ఆ కేసులో వాదన ఎలా మారుతుందో రాయాలి. ఇంకో మాట: నిరూపక జ్యామితితో దంచేద్దామని సగంలో ఆపితే ఆ రెండు పేజీల బీజగణితానికి దాదాపు ఏమీ రాదు. చివరిదాకా పోతుందని నమ్మకం ఉంటేనే మొదలెట్టాలి.

నంబర్ థియరీ రెండోది. శేషాలతో పని చేసేటప్పుడు రెండు పొరపాట్లు మళ్లీమళ్లీ కనబడతాయి. ఒకటి, రెండువైపులా ఉన్న సంఖ్యని కొట్టెయ్యడం. 2 × 1, 2 × 3 రెండింటికీ 4తో శేషం 2, కానీ 1కీ 3కీ శేషాలు వేరు. 4కీ 2కీ ఉమ్మడి కారణాంకం ఉంది కాబట్టి 2ని కొట్టెయ్యకూడదు. రెండు, "లబ్ధాన్ని భాగిస్తే ఏదో ఒకదాన్ని భాగిస్తుంది" అని 6 లాంటి సంఖ్యలకీ వాడెయ్యడం. అది ప్రధాన సంఖ్యలకే చెల్లుతుంది. ఫెర్మా చిన్న సిద్ధాంతం పేరు చెప్పి వాడొచ్చు, కానీ ఆ సంఖ్య ప్రధాన సంఖ్య గుణిజం కాదని పక్కనే ఒక ముక్క రాయాలి.

అసమానతల్లో ఎ.ఎమ్.–జి.ఎమ్. (సగటు గుణమధ్యమం కన్నా తక్కువ కాదనేది), కోషీ–ష్వార్జ్ చేతికి బాగా అలవాటైతే ఈ రౌండుకి చాలు, పెద్ద పేర్లున్నవి ఇప్పుడు ఎత్తుకోవద్దు. ఎప్పుడూ సమానత్వం ఎక్కడ వస్తుందో ముందు కనుక్కోవాలి. ఎక్స్ 3 లేదా అంతకన్నా పెద్దది, ఎక్స్ + 1/ఎక్స్ కనిష్ఠం ఎంత? ఎ.ఎమ్.–జి.ఎమ్. నేరుగా వేస్తే 2 వస్తుంది, కానీ దానికి ఎక్స్ = 1 కావాలి, అది పరిధిలో లేదు. ఎక్స్ = 3 దగ్గర సమానత్వం రావాలని ముందే ఊహిస్తే ఎలా విడగొట్టాలో తెలుస్తుంది: ఎక్స్/9 + 1/ఎక్స్ కనీసం 2/3, మిగిలిన 8ఎక్స్/9 కనీసం 8/3, మొత్తం 10/3. ఇంకోటి, నిరూపించాల్సిన అసమానతనే మొదటి లైన్లో రాసి, దించుకుంటూ పోయి "0 ≤ వర్గం, కాబట్టి నిజం" అనే అలవాటు. అడుగులు వెనక్కి నడుస్తాయని చెప్పకపోతే అది నిరూపణ కాదు. రఫ్‌లో అలా చేసుకుని, ఫెయిర్‌లో కింద నుంచి పైకి రాయడం మేలు. "ఎ ≥ బి ≥ సి అనుకుందాం" అనే ముందు మూడింటినీ ఎటు మార్చినా సమాసం మారదని చూసుకోవాలి. ఎ/బి + బి/సి + సి/ఎ లాంటిది చక్రంగా తిరుగుతుందే తప్ప ఏ రెండింటినీ మార్చనివ్వదు. అక్కడ "ఎ అన్నిటికన్నా పెద్దది" అనుకోవడం వరకే చెల్లుతుంది.

కాంబినటోరిక్స్ (ఎన్ని విధాలుగా, ఎన్ని అని లెక్కపెట్టే లెక్కలు) ఏడెనిమిది వారాల్లో పెద్దగా పెరగదు. వారానికి రెండు లెక్కలు, పావురాల గూళ్ల సూత్రం మీదా, ఎన్ని మార్పులు చేసినా మారని రాశి పట్టుకునేవాటి మీదా చెయ్యిస్తే సరి. కాలిక్యులస్ సిలబస్‌లో లేదు, దాని జోలికి పోనక్కర్లేదు.

టైమ్ టేబుల్ విషయానికొస్తే, మధ్యలో దసరా సెలవులొస్తాయి. వాటిని రోజుకి ఎనిమిది గంటల క్రాష్ కోర్సులా మార్చకండి. ఉదయం మూడు గంటలు, అంటే పరీక్ష ఎంతసేపో అంతసేపు, లేవకుండా కూర్చోవడం అలవాటైతే చాలు. సెలవుల దాకా విడి లెక్కలు, సెలవుల్లో సగం పేపర్లు (మూడు లెక్కలు, గంటన్నర), తర్వాత ప్రతి ఆదివారం పూర్తి పేపరు. నాలుగు మాక్‌లు సరిపోతాయి. మాక్ రాసిన రోజున దిద్దొద్దు. మర్నాడు సొల్యూషన్ పక్కన పెట్టుకుని, "పూర్తిగా వచ్చింది", "కన్నం ఉంది", "రాలేదు" అని మూడు గుర్తుల్లో ఏదో ఒకటి వేయించండి. "కన్నం ఉంది" అన్నవే మళ్లీ రాయించాలి. రాని లెక్కల కన్నా ఇవే ముఖ్యం, ఎందుకంటే ఇవి తన చేతిలో ఉన్న మార్కులు.

పరీక్ష హాల్లో మొదటి పది నిమిషాలు ఆరు ప్రశ్నలూ చదవడానికే. వరుస క్రమంలో చెయ్యాలనే నియమం లేదు. బాగా దారి కనబడిన దాంతో మొదలెట్టి, పూర్తిగా ముగించి, అప్పుడు రెండోదానికి పోవాలి. ఆరింటిలోనూ తలా కొంచెం గీకడం కన్నా మూడు పూర్తిగా, నాలుగోదాంట్లో ఒక గట్టి ముక్క రాయడం ఎంతో నయం. నలభై నిమిషాలు గడిచినా కదలని లెక్కని పక్కన పెట్టెయ్యాలి. పాక్షిక మార్కులు తెచ్చేది నిరూపించిన ముక్క: ఒక సహాయ ఫలితం, రెండు కాళ్లలో ఒకటి, పూర్తిగా తేల్చిన ఒక కేసు. ప్రశ్ననే తిరగరాయడానికి, సంబంధం లేని నిజాలు పేర్చడానికి ఏమీ రాదు. నిరూపించలేని మెట్టు మిగిలితే "ఇది నిరూపించలేదు, నిజమనుకుంటే మిగతాది ఇలా వస్తుంది" అని నిజాయితీగా రాయమనండి. మాటల్తో కప్పెయ్యబోతే దిద్దేవాళ్లు ముందు అక్కడే ఆగుతారు. ప్రతి జవాబూ కొత్త పేజీలో మొదలవ్వాలి, చివరి పావుగంట తిరిగి చదవడానికి ఉంచుకోవాలి.

మీరు చివర్లో అడిగిన పదో తరగతి పబ్లిక్ సంగతి: ఆర్.ఎమ్.ఓ. నవంబరు మొదట్లోనే అయిపోతుంది, పబ్లిక్ పరీక్షలు మార్చిలో. రోజుకి గంటన్నర పనికి అవి దెబ్బతినవు. ఆ పై మెట్టు, జాతీయ ఒలింపియాడ్ అయిన ఐ.ఎన్.ఎమ్.ఓ.కి ఎంపికైతే అది జనవరిలో ఉంటుంది. అక్కడా ఆరు ప్రశ్నలే, టైమ్ నాలుగున్నర గంటలు, లెక్కలు మాత్రం బాగా బరువు. అప్పుడు సిద్ధాంతాలు కూడా పెంచుకోవాలి. ఆ పుస్తకాల మాట అప్పుడు చూద్దాం. ఈ వారం మాత్రం 2015 పేపర్లలో ఒకటి తీసి, అందులో జామెట్రీ లెక్కతో మొదలెట్టించండి.